గాలికి కట్టిన నార

సుయ్యిమనే చప్పుడు ఎక్కడ వినబడినా నా చేతిలో ఉన్నది కింద పెట్టేస్తాను. పాము బుస నాకు భయం లేదు, కుక్కరు కూత అలవాటైపోయింది. నేను చెప్పేది ఇరుకు సందులోంచి గాలి తోసుకుని బయటపడే చప్పుడు. పోయిన నెల రాయదుర్గంలో మా మనవరాలు సుజాత పెట్టుకున్న జీన్సు ప్యాంట్ల షెడ్డు చూడడానికి పోయినప్పుడు అదే విన్నాను. వరసగా కుట్టుమిషన్లు, కొత్త గుడ్డ నీలంవాసన, గాలిలో తేలే దూది. గోడవెంట సన్న గాలిపైపు ఒకటి పోతోంది. గుండీలు కొట్టే మిషను ఆ గాలితోనే నడుస్తుందట. ఒకచోట పైపుకూ పైపుకూ మధ్య అతుకు మీద జీన్సు పీలిక చుట్టి, ముడివేసి ఉంది. చప్పుడు దాని కిందినుంచే వస్తోంది.

"ఏందే అది?" అన్నాను.

"గాలి లీకు అవ్వా. ఆడుండే క్లిప్పు ఇరిగిపోయింది. పీలిక కట్టినాం. పని జరుగుతాండాదిలే."

"ముందు దాన్ని ఆపు."

గుండీల మిషను దగ్గర కూర్చున్న పిల్ల పక్కున నవ్వింది. "మీ అవ్వ కరెంటు బిల్లు కోసం బాధపడతాండాదక్కా!"

ఆ పిల్ల అలా అనుకోవడంలో తప్పులేదు. అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండుసార్లు వాడుకున్నదాన్ని నేను. అరిగిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అతికించకుండా ఇప్పటికీ పారేయను. కానీ ఆ రోజు నేను చూసింది బిల్లును కాదు. ఆ అతుకు సరిగ్గా ఆ పిల్ల తల మీద ఉంది. నేను చూసింది ఆ తలను.

నన్ను ఇచ్చింది కంప్రెసర్ ఉన్న ఇంటికి. ఈ కాలం పిల్లలకు చెబితేగానీ తెలియదు. అప్పట్లో మా సీమలో బోర్లు తక్కువ. వాన మొగం చాటేస్తే బావి ఇంకా లోతుకు తవ్వుకోవలసిందే. మన్ను అయిపోయాక రాయి వస్తుంది, రాయికి గడ్డపార చాలదు. ట్రాక్టరు వెనక గాలి పట్టే కంప్రెసర్ బిగించుకుని ఊరూరా తిరిగేవాళ్ళం. దాన్నుంచి రబ్బరు పైపు బావిలోకి దిగుతుంది. పైపు కొసన జాకీ ఉంటుంది. గాలి బలంతో దడదడలాడుతూ రాతికి బొక్కలు వేసే మిషను అది. ఆ బొక్కల్లో మందు కూరి పేలుస్తారు. ట్రాక్టరు దగ్గర మా బావ, అంటే మా ఆయన అన్న, ఓబులేసు. బావి అడుగున జాకీ పట్టేది మా ఆయన. సాయంత్రం పైకెక్కి వచ్చేసరికి రాతిపొడికి తలంతా, కనురెప్పలతో సహా, తెల్లబడి ఉండేది. పెళ్ళయిన కొత్తలో ఆ మనిషిని చూసి, ఎవరో ముసలాయన వచ్చినాడని గుమ్మంలోనే నిలబెట్టి నీళ్ళిచ్చాను. ఆ మాట చెప్పి మా అత్త చాలా ఏళ్ళు నవ్వింది.

మా ఇంట్లో ఏది తాకినా డీజిలు వాసనే. మజ్జిగలో కూడా వస్తుందని అత్త విసుక్కునేది. పొద్దు వాలాక మామ పాత నూనెడబ్బా మూతలో కిరసనాయిలు పోసుకుని అరుగు మీద కూర్చునేవాడు. పైపులను కలిపే కప్లింగులన్నీ ఊడదీసి, అందులో కడిగి, పాత పంచెగుడ్డతో తుడిచేవాడు. కప్లింగంటే గుప్పెడంత ఇనుప ముక్క. రెండు కొమ్ములుంటాయి. అలాంటివి రెండు ఎదురెదురుగా పెట్టి మెలితిప్పితే కొమ్ములు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మధ్యలో రబ్బరు వాషరు. బిడ్డలకు తలంటినా అంత శ్రద్ధగా చేయడని అత్త అనేది. కడిగిన కిరసనాయిలును గుడ్డలో వడగట్టి మళ్ళీ సీసాలో పోయడం నా పని. చివరికి అడుగున మిగిలిన మడ్డితో పొయ్యి అంటించుకునేవాళ్ళం. ఏదీ పారేసే ఇల్లు కాదు మాది. నేను నేర్చుకున్నదంతా అక్కడే.

అంత పొదుపరి మామ కప్లింగు కొనేటప్పుడు మాత్రం వేరే మనిషైపోయేవాడు. పాతదాన్ని తుండుగుడ్డలో మూటగట్టుకుని అనంతపురం పోయేవాడు. "కొత్తది పాతదాంతో కాపరం సేయాల గదా, ముందు పెండ్లిచూపులు జరగాల" అనేవాడు. రెండింటినీ కలిపి మెలితిప్పి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేవాడు. కటకటమంటే పక్కన పెట్టేసినట్టే. తర్వాత చిటికెనవేలు లోపల పెట్టి వాషరు కూర్చునే గాడిని తడిమేవాడు. గరుకు తగిలితే అది వాషరును కోస్తుందట. ఆఖరున దాన్ని దారంతో వేలాడగట్టి పానాతో చిన్నగా కొట్టేవాడు. అది చూసి మొదటిసారి నాకు నవ్వొచ్చింది. కుండ కొనేటప్పుడు మేము చేసే పనే అది. మంచి కుండ మోగుతుంది, నెర్రె ఉన్న కుండ బొక్కుమంటుంది. నేను అదే అంటే మామ లోపలికి పోయి, గోడ అవతలినుంచి ఒకదాని తర్వాత ఒకటి కొట్టి, ఏది మంచిదో చెప్పమన్నాడు. చెప్పాను. "ఈ పిల్లకు సెవులుండాయి" అన్నాడు. బడి మూడో తరగతితోనే మానిపించిన నాకు దొరికిన మెప్పుల్లో అది పెద్దది.

మామ పెట్టిన కట్టడి ఒకటుండేది. గాలిపైపు అతుక్కు తాడు కట్టకూడదు. "నీళ్ళు దొంగమ్మా, సందు దొరికితే కొంచిం కొంచిం జారుకుంటాది. గాలి ఎద్దు. కట్టు తెంపుకుందంటే ఎదురుగా ఎవుడుండాడో సూడదు" అనేవాడు.

ఆ ఎండాకాలం మామకు కంటికి ఆపరేషను అయింది. అత్త తోడుగా ఇంట్లో మిగిలింది. మేము ముగ్గురం కంబదూరు వైపు హనుమంతప్ప అనే రైతు బావి దగ్గర దిగాం. గుంపుకు వంట నాది. హనుమంతప్పకు చీనీతోట, అంటే బత్తాయి తోట ఉంది. కావడితో నీళ్ళు మోసి బతికించుకున్న చెట్లు అప్పుడప్పుడే కాపుకొచ్చాయి. ఆకులన్నీ దోనెల్లా ముడుచుకుపోయాయి. పొద్దున్నే లేచి ఆయన ఒక్కో చెట్టు దగ్గరా నిలబడి ఆకును వేళ్ళతో విప్పి చూసేవాడు, వదిలితే అది మళ్ళీ ముడుచుకునేది. బావి అడుగున రాయి చెమ్మగిలుతోంది. ఈ రోజు బొక్కలు వేసి సాయంత్రం పేలిస్తే జల పడుతుందని అందరికీ నమ్మకం. మరుసటి పొద్దున మేము వేరే ఊరికి పోవాలి. అక్కడివాళ్ళ దగ్గర తాంబూలం పుచ్చుకున్నాం. కరువులో కంప్రెసర్ వంతు పెళ్ళి ముహూర్తం లాంటిది. తాంబూలం పట్టాక జరపడానికి లేదు.

ఆ పొద్దున గట్టు మీది రాళ్ళకుప్పలోంచి ఒక బండ జారి పైపు మీద పడింది. కప్లింగు కొమ్ము విరిగిపోయింది. సంచిలో ఉండే అదనపుదాన్ని ముందు ఊళ్ళోనే వాడేశాం.

"అనంతపురం పోవాల" అన్నాడు బావ.

హనుమంతప్ప మొహం మాడిపోయింది. "ఏమప్పా ఓబులేసూ, బస్సు పట్టుకోని పొయ్యి వచ్చేతలికి పొద్దు గూకుతాది. రేపు మీరు ఎలబారిపోతారు. మల్లా నా వంతు ఎప్పుడొస్తాది? అంతవరకూ నా సెట్లు నోరు కట్టుకోనుంటాయా?"

"మా నాయనకు తెలిస్తే ఒప్పుకోడన్నా."

"మీ నాయన ఈడ లేడు గదా! నేను కడతా సూడు. మా ఊర్లో నీళ్ళ ఇంజను పైపులన్నీ నా సేతి కట్టే. ఇనుప గొట్టమ్ముక్క మీదికి రెండు పైపులూ ఎక్కించి, కిత్తనార నానబెట్టి బిగిస్తే ఏనుగు గుంజినా రాదు. తీగ రబ్బరును కోస్తాది. నార పట్టుకుంటాది."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. మా దిక్కున గట్లమీద పెరిగే కిత్తనారతో కట్టిన ఇంజను పైపులు ఏళ్ళ తరబడి నిలబడేవి. బావ మా ఆయన వైపు చూశాడు. మా ఆయన ముడుచుకున్న ఆకుల వైపు చూశాడు. "కట్టనీన్నా. ఒక్క పూటే గదా. దిగేవాన్ని నేను, నాకు లేని బయం నీకెందుకు?" అన్నాడు. పదిమంది ముందు అలా అన్నాక మగవాడు వెనక్కు తగ్గడు.

బావతో నేను నేరుగా మాట్లాడే ఆచారం లేదు. మా ఇళ్ళలో చిన్నకోడలు బావ ఎదుట నోరెత్తదు. చెప్పవలసింది ఉంటే గోడకో మేకకో చెప్పాలి, ఆయన వినాలి. పొయ్యి మీదున్న సంగటి కుండకు చెప్పాను, అందరికీ వినబడేలా.

"ఓ కుండా! మామ వద్దన్న పని సేస్తాండారని సెప్పవే. తడితాడుతో కట్టిన మేక మద్యాన్నానికి ముడి జారి పక్కోళ్ళ సేన్లో ఉంటాది. ఈ నార ఎండకు ఎండదా అని అడగవే."

బావ ట్రాక్టరు చక్రాన్ని చూస్తూ జవాబిచ్చాడు. "కుండను ఉడకమను. మాట్లాడొద్దను."

రాళ్ళెత్తే కూలీలు విరగబడి నవ్వారు. మా ఆయన కూడా నవ్వుతూనే బావిలోకి దిగాడు.

కట్టు నిలిచింది. జాకీ మోత బావిలోంచి లేచి గట్టంతా అదిరింది. హనుమంతప్ప మీసం తడుముకుంటూ నావైపు చూశాడు. నేను సంగటి కెలుకుతూ ఆ కట్టునే చూస్తున్నాను. నానిన నార గోధుమరంగులో ఉంటుంది. ఎండెక్కేకొద్దీ దాని అంచులు తెల్లబడుతున్నాయి. ఇంజను పైపులో ఎప్పుడూ నీళ్ళుంటాయి, నార తడిగానే ఉంటుంది, తడిగా ఉన్నంతసేపు బిగిసే ఉంటుంది. ఇక్కడ లోపల పోయేది కంప్రెసర్ కాచిన గాలి. పైన ఎండ, లోపల సెగ. రెండు పొయ్యిల మధ్య ఉంది ఆ నార.

లేచి, తెడ్డు చేతిలో ఉండగానే తాగునీళ్ళ కుండ ఎత్తుకుపోయి, తెడ్డు పక్కన పెట్టి బావి గట్టు మీద కట్టు దగ్గర కూర్చున్నాను. చెంబుతో పోయడం మొదలుపెట్టాను. ఆ నీళ్ళు తెల్లవారకముందే పక్కఊరి నుంచి నేను నెత్తిన మోసుకొచ్చినవి. చెంబెడు నీళ్ళతో వంటసామాను మొత్తం తోమేదాన్ని నేను. అలాంటిదాన్ని, చెంబు తర్వాత చెంబు నేలపాలు చేస్తున్నాను. తడి తగలగానే నార మళ్ళీ గోధుమరంగుకు తిరిగేది, చూస్తుండగానే తెల్లబడేది.

హనుమంతప్ప పరుగెత్తుకొచ్చాడు. "ఏమ్మా! తాగే నీళ్ళు మన్నుకు పోస్తాండావే! కరువులో పుట్టినదానివేనా నువ్వు?"

"కరువులో పుట్టినాను గాబట్టే పోస్తాండా. పొయ్యి, మా బావను మిషను ఆపమని సెప్పు."

"ఇంగ కొంచిమే ఉండాది తల్లీ, అయిపోతాది" అన్నాడాయన. కోపంగా మొదలుపెట్టిన మనిషి గొంతు బతిమాలడంలోకి దిగింది. ఆయన కళ్ళు తోట మీదే ఉన్నాయి.  ఆయన చెట్లు అక్కడ చస్తున్నాయి. నా మనిషి ఇక్కడ, ఆ గొట్టం ముక్క కింద, తల వంచుకుని రాయి తొలుస్తున్నాడు.

కుండ వంచాను. అడుగున ఇసుక మాత్రమే మిగిలింది. అప్పుడే విన్నాను. అంత మోతలో, కింద సన్నగా, సుయ్యి. ఇంకెవరికీ వినబడలేదు. చేయి పెడితే నార చుట్లు వేలికింద కదిలాయి. ఒక చుట్టు మీదినుంచి ఇంకో చుట్టు జారుతోంది.

"బావా!" అని అరిచాను. పెళ్ళయ్యాక ఆయన్ను నేరుగా పిలవడం అదే మొదలు. వినబడలేదు. ఆయన మాకు వీపు పెట్టి ఇంజను చూసుకుంటున్నాడు. అంత దూరం పరుగెత్తేలోపు ఏమవుతుందో తెలియదు. పక్కనే సంగటి తెడ్డు ఉంది. బలమంతా పెట్టి విసిరాను. అది పోయి బావ రెండు భుజాల మధ్య తగిలింది. సంగటి చొక్కాకు అంటుకుంది, తెడ్డు రాతిమీద పడి విరిగింది.

ఆయన వెనక్కు తిరిగిన తిరుగుడు నాకు ఇప్పటికీ కళ్ళలో ఉంది. తమ్ముడి పెళ్ళాం తెడ్డుతో కొట్టింది. కూలీల ముందు. నేను ఒక చేత్తో కట్టును, ఇంకో చేత్తో బావిని చూపించాను. ఆ మొహంలో కోపం పోయి భయం రావడానికి రెప్పపాటు పట్టింది. చేయి వాల్వు మీదికి పోయింది. సగం తిప్పి ఉంటాడేమో, నార వదిలేసింది.

సగం గాలికే ఆ పైపు కట్టు తెంచుకున్న ఎద్దులా లేచింది. ఒక్క విసురుకు నా నీళ్ళకుండను పెంకులు చేసింది. రెండో విసురుకు గట్టు మీది రాళ్ళు బావిలోకి దొర్లాయి. బావిలోకి దిగిన రెండో పైపు ఇనుప గొట్టంతో సహా లోపలికి జారిపోయింది. గొట్టం రాతికి తగిలి మోగిన మోత పైకి వచ్చింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. జాకీ లేదు, ఇంజను లేదు. ఏళ్ళ తరబడి డీజిలు మోతలో బతికినదాన్ని, నిశ్శబ్దానికి అంత బరువుంటుందని అప్పుడే తెలిసింది.

"రామాంజీ!" అని బావ గట్టు మీద పడుకుని తల లోపలికి పెట్టి అరిచాడు. పొడి మేఘంలా లేస్తోంది. ఏమీ కనబడదు. మళ్ళీ అరిచాడు. 

దగ్గు వినబడింది. "యాడికి పోతా... ఈడే ఉండా. గాలి తగ్గేతలికి పైకి సూసి గోడకు అతుక్కున్యా" అన్నాడు లోపలినుంచి. పైకెక్కి వచ్చాడు. భుజం మీద చెయ్యెడు మేర చర్మం లేచిపోయింది. మిగతాదంతా తెల్లటి పొడి. వచ్చి నా ముందు నిలబడి, పగిలిన కుండ చూసి, "తాగేదానికి నీళ్ళు లేవా?" అన్నాడు. అప్పుడు ఏడ్చాను. అంతవరకు రాలేదు.

ఆ రోజు ఎవరూ సంగటి తినలేదు.  బావ పొయ్యి దగ్గరికి వచ్చి, నన్ను చూడకుండా, సంగటి కుండతో మాట్లాడాడు. "ఓ కుండా, బస్సుకు పోతాండా. అనంతపురం. సెవులుండే మనిసి ఒకరు తోడు రావాలని సెప్పు."

అంగడాయన తళతళలాడే కొత్త రకం ముందు పెట్టాడు. తేలికది, ధర కూడా తక్కువట. బావ చేయి అటు పోతుంటే నేను పాత సగాన్ని దానితో కలిపి మెలితిప్పాను. చెవి దగ్గర ఊపితే పళ్ళు ఊడినవాడిలా కటకటమంది. పక్కన మసిపట్టినట్టున్న బరువైనదాన్ని కలిపితే కదలకుండా కూర్చుంది. వేలు పెట్టి గాడి తడిమాను. నా పైటకొంగు దారం లాగి వేలాడగట్టి, అంగట్లోని పానాతో కొట్టాను.

"ఏమ్మా, ఇది ఇనుప అంగడి. గుడి గంట యాపారం కాదు" అన్నాడు అంగడాయన.

"మోగనీయన్నా. దీనికింద మనిసి ఉంటాడు" అన్నాడు బావ.

చెప్పవలసిన చేదు కూడా ఉంది. మరుసటి పొద్దున తాంబూలం మాట ప్రకారం ఆ ఊరికే పోయాం. అక్కడి పని ముగించి తిరిగి వచ్చి హనుమంతప్ప బావిలో జల పడేసరికి మెరక మీది వరసలు ఎండిపోయాయి. పల్లం చెట్లు బతికాయి. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మేము పోయేరోజు నాకొక తెడ్డు తెచ్చి ఇచ్చాడు. ఎండిన చీనీచెట్టు కొమ్మతో చెక్కించింది. "నీ తెడ్డు ఇరిగిపాయ గదమ్మా, ఇది పెట్టుకో" అన్నాడు. అది మర్యాదో, ఎత్తిపొడుపో, దుఃఖమో నాకు ఇప్పటికీ తెలియదు. ఇవాళ్టికీ సంగటి దానితోనే కెలుకుతాను. కొస అరిగి సగమైంది.

అప్పటినుంచి మా ఆయన బావిలోకి దిగేముందు కప్లింగును చూసేవాడు కాదు, నన్ను చూసేవాడు. నేను తల ఊపితే దిగేవాడు. ఆ పని మానేశాక, నిజంగానే తల, కనురెప్పలు తెల్లబడి ముసలివాడైనాడు. నాకు కొత్తగా అనిపించలేదు. ఆ మొహం నేను ముందే చూసి ఉన్నాను. మంచం మీదే, నా చేతి నీళ్ళు తాగి పోయాడు.

ఇదంతా సుజాతకు ఆ షెడ్డులో నిలబడే చెప్పాను. మిషన్లు ఆగిపోయాయి. గుండీల పిల్ల స్టూలు వెనక్కు జరుపుకుని పైకి చూసింది. ఆ సాయంత్రమే బజారుకు పోయాం. ఇప్పుడంతా నొక్కితే టక్కున పట్టుకునే రకాలు. సగం ప్లాస్టిక్కు, కొట్టినా మోగవు. నా చెవి అక్కడ పనికిరాలేదు. కానీ పైపును తెచ్చి అందులో పెట్టి ఊపి చూడడం ఏ కాలానికైనా ఒకటే. ఊగనిదాన్ని తీసుకున్నాం. ఇన్నేళ్ళలో మంచి సరుకు పెరిగింది, చవక సరుకు అంతకన్నా పెరిగింది. "ఒక్క పూటే గదా" అనే మాట మాత్రం అప్పుడెట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే ఉంది.

కొత్తది బిగించారు. సుయ్యి ఆగింది. ఆ పిల్ల మళ్ళీ గుండీలు కొట్టడం మొదలుపెట్టాక, ఊడదీసిన జీన్సు పీలికను నేను చుట్టి సంచిలో వేసుకున్నాను.

"అదెందుకవ్వా, పారెయ్యి" అంది సుజాత.

"పారేసేదెందుకే? గాలికి పనికిరాదు గానీ నీళ్ళకు పనికొస్తాది."

ఇంటికొచ్చి కొళాయి పైపుకు దాన్నే కట్టాను. తడిగా ఉంది. గట్టిగా పట్టుకుంది.